ఫోటో కింద మాట

ఉదయగిరి,
18 జూన్ 2024

ఒరే ప్రసాదూ,

క్షేమ సమాచారాలు అడిగే ఓపిక నాకు లేదు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటని నువ్వు ఆశ్చర్యపోతావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, కాగితం మీదయితే నన్ను ఆపేవాళ్లు లేరు. అందుకే నీ నంబరు బ్లాక్ చేయించి కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున మన కొండలయ్య ఆత్మకూరు బస్టాండు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఆశ్రమంలో ఎప్పుడు చేరినావు?" అన్నాడు. ఏ ఆశ్రమంరా అన్నాను. "నాకాడ దాస్తావేంది? బస్టాండు ఎదురుగా నీ ముఖం ఇంత పెద్దది కట్టుండారు. నీ కొడుకు కోటేశ్వర్ నిన్ను ఇంట్లో నుంచి పంపించేసినాడా ఏంది?" అన్నాడు. ఆ ఫ్లెక్స్ ఫోటో తీసి పంపించమన్నాను. కళ్లజోడు పెట్టుకుని చూశాను.

నా ముఖం మనిషెత్తు ఉంది. పక్కన ఎర్రటి అక్షరాలతో "కన్నబిడ్డలు రాని గడపలో ఒక అమ్మ. మీరైనా ఆదుకోండి" అని రాసి ఉంది. కింద ఏదో వృద్ధాశ్రమం పేరు, విరాళాలు పంపమని నంబరు.

అది నువ్వు తీసిన ఫోటో. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నువ్వూ నీ స్నేహితుడు డేవిడ్‌రాజూ, మీతో తిరిగే ఆ శ్వేత అనే అమ్మాయి కారులో దుర్గం కొండ చూడ్డానికి వచ్చి, దిగేటప్పుడు మా ఇంట్లో అన్నాలు తిన్నారు. నేను నీలం చీర కట్టుకుని ఫోటోకి కూర్చుంటే వద్దన్నావు. మేకల దగ్గర కట్టుకునే పాత చీర కట్టుకోమన్నావు. కళ్లజోడు తీయమన్నావు, కమ్మలు తీయమన్నావు. పక్కింటివాళ్ల కూలిపోయిన గోడ దగ్గర కూర్చోబెట్టావు. నా తమ్ముడి కొడుకు ముచ్చట పడుతున్నాడు కదా అని చెప్పినట్టల్లా చేశాను.

ఇప్పుడు జరుగుతున్నది విను. కోటేశ్వర్ కృష్ణపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ నా కోడలు రేణుకాదేవీ. నాకు జ్వరం వస్తే అంగన్‌వాడీకి సెలవు పెట్టి కూర్చునే పిల్ల. నిన్న సాయంత్రం అదే అంగన్‌వాడీ దగ్గర ఒక తల్లి దాని ముఖం మీదే అడిగిందట. "మీ అత్తను ఆశ్రమంలో ఏసినారంట గదా టీచరమ్మా, మా బిడ్డల్ని ఏం చూస్తావులే" అని.

ఆ ఫ్లెక్స్ దిగాలి. అది అక్కడికి ఎలా ఎక్కిందో నాకు చెప్పాలి.

మీ అత్త,
వరదమ్మ


ఆత్మకూరు,
23 జూన్ 2024

అత్తకు నమస్కారం.

నా పేరుతో పోస్టులో ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. ఆఫీసులో అందరూ ఎవరు రాశారని అడిగితే గొప్పగా మా అత్త అన్నాను. చదివాక ఎవరికీ చూపించలేకపోయాను.

ఫ్లెక్స్ సంగతి నాకు తెలియదు. నేనా ఆశ్రమం గుమ్మం కూడా తొక్కలేదు. అడగకుండానే నేరం నాదని తేల్చేశావు.

అత్తా, వారమంతా కరెంటాఫీసులో కూర్చుని బిల్లుల మీద జనం తిట్లు తింటాను. ఆదివారం ఒక్కటే నాది. తెల్లారేసరికి ముగ్గురం బయల్దేరతాం. సోమశిల, పెంచలకోన, సీతారామపురం, ఎటు వెలుగు బాగుంటే అటు. దారిలో కనిపించిన మనుషులతో మాట్లాడి వాళ్ల ముఖాలు తీస్తాం. అందులో తప్పేముంది? నీ ఫోటోకి విజయవాడ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. ఆ కళ్ల ముందు నుంచి కదల్లేకపోయామని జడ్జీలే అన్నారు. ఈ సంగతి చెప్పి నిన్ను సంతోషపెడదామనుకున్నాను. నీలం చీర వద్దన్నది నిన్ను పేదదానిగా చూపించాలని కాదు. ఆ జరీ మెరుపుకు ముఖం వెలవెలబోతుంది. అది నీకు చెప్పినా అర్థం కాదు.

ఆ ఫోటో పెద్ద సైజులో నా దగ్గరా డేవిడ్‌రాజు దగ్గరా మాత్రమే ఉంది. వాడు చర్చి తరపున ఆశ్రమాలకు బియ్యం, దుప్పట్లు పంచుతూ తిరుగుతాడు. నాకు వెంటనే అర్థమైంది. టీ కొట్టు దగ్గర నిలదీశాను. తెలియదన్నాడు. "నువ్వు గాకపోతే ఎవుర్రా? ఆశ్రమాలోళ్లంతా నీకే గదా తెలుసు" అన్నాను. వాడు గ్లాసు కింద పెట్టి, "పదేళ్ల స్నేహానికి ఇదా నువ్వడిగేది?" అని బండెక్కి వెళ్లిపోయాడు. నీ కోసం స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను.

ఇంకో మాట. ఎండలో ఫ్లెక్సులు ఎన్నాళ్లో నిలవవు. ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి వరదమ్మను గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది ఉంటారు? రేణుకక్క చిన్న విషయాన్ని పెద్దది చేసుకుంటోంది. నువ్వైనా సర్దిచెప్పు.

నీ మేనల్లుడు,
పెంచలప్రసాద్


ఉదయగిరి,
1 జూలై 2024

ప్రసాద్,

ఎంతమంది గుర్తుపడతారని అడిగావు. ఆ బస్టాండులో టికెట్లు కొట్టే కండక్టరు నా దగ్గర చదివాడు. ఎదురుగా మందుల షాపులో ఉండే పిల్ల నా దగ్గర చదివింది. తహసీల్దారు ఆఫీసులో ఇద్దరు, ఆసుపత్రిలో ఒక నర్సు. వాళ్లంతా ఫోన్లు చేస్తున్నారు. "మా ఇంటికొచ్చేయండి టీచర్, మేం చూసుకుంటాం" అని ఒకడు ఏడ్చాడు. నేను బాగానే ఉన్నానని వాణ్ణి ఓదార్చాల్సి వచ్చింది. నమ్మలేదు. ఇంట్లోవాళ్లకు భయపడి అలా అంటున్నాననుకున్నాడు.

రేణుక చిన్నదాన్ని పెద్దది చేసుకుంటోందన్నావు. శుక్రవారం వాళ్ల నాయన రామనారాయణ వరికుంటపాడు నుంచి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. వాకిట్లోనే నిలబడి, "అక్కా, మా పిల్ల నిన్ను ఏం చేసింది? అన్నం పెట్టలేదా? ఊళ్లో తలెత్తుకోలేకుండా ఉండాము. నీకు బాధుంటే నాకు చెప్పాల్సింది గానీ ఫోటో తీయించుకుని రోడ్డు మీద కట్టిస్తావా?" అన్నాడు. నేనే కట్టించాననుకుంటున్నాడు! నేను కాదన్నకొద్దీ, "అయితే ఆ ఏడుపు ముఖం ఎవురిది?" అన్నాడు. రేణుక నా వైపు ఒకసారి చూసి, బ్యాగు సర్దుకుని ఆయన వెనక వెళ్లింది. ఆపలేకపోయాను.

ఇప్పుడు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నీ ఫోటోలో అబద్ధమంటూ ఏదైనా మిగిలి ఉంటే అది కూడా నిజమైంది. సంతోషమేనా?

ఇక డేవిడ్‌రాజు సంగతి. నిన్న వాడు భార్య రూబీని వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "టీచరమ్మా, నేను ఇవ్వలేదు. నా బిడ్డ మీద ఒట్టు పెట్టమన్నా పెడతా" అన్నాడు. ఒట్లు వద్దని కూర్చోబెట్టాను. అప్పుడు రూబీ తన ఫోన్ తీసి చూపించింది. మీ ఫోటోగ్రాఫర్ల గ్రూపులో మార్చిలో నువ్వు పెట్టిన పోస్టు. పైన నా ముఖం. కింద నీ పేరు. దాని కింద, "కన్నబిడ్డలు రాని గడపలో ఒక అమ్మ."

ఆ మాట రాసింది ఆశ్రమంవాళ్లు కాదు. నువ్వు. నా ఇంట్లో గోంగూర పచ్చడి అడిగి మరీ రెండోసారి వడ్డించుకుని, వెళ్లి ఆ మాట రాశావు. ఆ రోజు నీకు వడ్డించిన చెయ్యి ఎవరిది? రేణుకది కాదా?

డేవిడ్‌రాజును అనుమానించడానికి నీకు నోరెలా వచ్చిందో నాకు తెలియదు. ఫ్లెక్స్ కూడా నువ్వే కట్టించి ఉంటావని ఇప్పుడు నా అనుమానం. కాదంటే కాదని రాయి.

వరదమ్మ


ఆత్మకూరు,
8 జూలై 2024

అత్తా,

కాదు, కాదు, కాదు. ఫ్లెక్స్ నేను కట్టించలేదు. నేను రాసేది నమ్మవని తెలిసీ రాస్తున్నాను.

ముందు నా కోపం వినిపిస్తాను. గురువారం కోటేశ్వర్ బావను నా ఆఫీసు మీదికి పంపావు. బిల్లులు కట్టే జనమంతా క్యూలో ఉండగా కౌంటరు ముందు నిలబడి, "మా అమ్మను దిక్కులేనిదాన్ని చేసిన మొగోడు ఈడే, చూడండి" అని అరిచాడు. మా ఏఈ గారు బయటికొచ్చి నన్ను సెలవు పెట్టి వెళ్లమన్నారు. నన్ను నాలుగ్గోడల మధ్య కొట్టినా పడేవాణ్ణి. ఉద్యోగం దగ్గరికి పంపడం నీకు న్యాయమేనా?

ఆ మాట నేనే రాశాను. దాచలేదు, నువ్వు అడగలేదు. గ్రూపులో రోజుకు వందల ఫోటోలు వస్తాయి. కింద మనసును పట్టే మాట ఒకటి లేకపోతే ఎవరూ ఆగి చూడరు. అది నీ గురించి రాసింది కాదు. అలాంటి అమ్మలందరి గురించి రాశాననుకున్నాను. ఉదయగిరి వరదమ్మ అని ఎక్కడా పేరు పెట్టలేదు కదా.

అయినా నీ ఉత్తరం చదివాక ఆశ్రమానికి వెళ్లాను. అక్కడి మేనేజరు నన్ను చూసి లేచి చేతులు కలిపాడు. "సార్, మీ ఫోటో వల్ల ఎంతమంది కదిలిపోయినారో! మీ మాట కూడా అట్టే వాడుకున్నాం సార్, మార్చలేదు" అన్నాడు. నన్ను అడిగారా అంటే, "మీరే అందరికీ కనపడేట్టు పెట్టినారు గదా సార్" అన్నాడు. తీసేయమన్నాను. నెలాఖరు దాకా ఉంచి తీస్తామన్నాడు. లాయరుతో నోటీసు పంపిస్తానని అరిచి వచ్చాను. పంపిస్తాను కూడా.

ఆదివారం వరికుంటపాడు వెళ్లాను. రేణుకక్కకు నేనే చెప్పుకుందామని. ఒక్కణ్ణీ వెళ్లడానికి ధైర్యం చాలక శ్వేతను తోడు రమ్మన్నాను. అక్కడే తప్పు జరిగింది. కారు దిగేటప్పుడు అలవాటుగా కెమెరా బ్యాగు భుజాన వేసుకున్నాను. రామనారాయణ పెదనాన్న దొడ్డి దగ్గర నుంచే చూసి, "మళ్లీ ఎవురి ఫోటో కోసం వచ్చినావురా? మా ఆడోళ్ల ముఖాలేమన్నా మిగిలినాయా?" అని చేతిలో ఉన్న చర్నాకోల ఎత్తాడు. శ్వేత నన్ను లాగి కారులో పడేసింది. కిటికీలో రేణుకక్క కనిపించింది. ఆమె బయటికి రాలేదు.

నేను చేయగలిగింది చేశాను. ఇక నువ్వు ఏమన్నా అను.

ప్రసాద్


ఉదయగిరి,
17 జూలై 2024

ప్రసాద్,

కోటేశ్వర్‌ను నేను పంపలేదు. వాడు నీ ఆఫీసుకు వచ్చాడని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. శనివారం వాడు వచ్చినప్పుడు తిట్టాను. ఆ విషయంలో నీకు జరిగింది అన్యాయమే.

మిగతా విషయంలో కాదు. "చేయగలిగింది చేశాను" అని రాశావు. నువ్వు చేయలేనిది ఏముందో చూద్దామని గురువారం నేనే బయల్దేరాను. బస్సు నిండా ఎ.ఎస్.పేట దర్గాకు వెళ్లేవాళ్లు. నిలబడే వెళ్లాను. నువ్వు వద్దన్న నీలం చీర కట్టుకున్నాను, కమ్మలు పెట్టుకున్నాను.

ఆశ్రమంలో మేనేజరు కుర్చీ వేసి, "ఎవురినన్నా చేర్పించాలా అమ్మా?" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. కళ్లజోడు తీసి ముఖం వాడికెదురుగా పెట్టాను. "ఇప్పుడు చూడు నాయనా" అన్నాను. వాడు లేచి నిలబడ్డాడు. "మేడమ్... మీరు ఉండారా?" అన్నాడు. పోయాననుకున్నాడు కాబోలు. "ఉండాను. కొడుకు ఉండాడు, కోడలు ఉండాది, నెలనెలా పింఛను వస్తా ఉండాది. ఏం ఆదుకుంటావు నన్ను?" అన్నాను.

వాడు తడబడుతూ మంచినీళ్లు తెప్పించాడు. నేను తాగలేదు. "నీ ఆశ్రమంలో ఇంతమంది ఉండారే, వాళ్ల ముఖం ఏసుకోకుండా నా ముఖం ఎందుకు ఏసినావు?" అని అడిగాను. వాడు ఏం చెప్పాడో విను. వాడు చెడ్డవాడిలా లేడు, దాచకుండా చెప్పాడు. "వాళ్లు ఒప్పుకోరు మేడమ్. ఒప్పుకున్నా వాళ్ల బిడ్డలొచ్చి గొడవ చేస్తారు. మీ ఫోటో కింద బిడ్డలు రారని రాసుండె. అడిగేవాళ్లు ఎవురూ ఉండరనుకున్నాం."

వరండాలో ఒకామె ఆకుకూర ఏరుతోంది. ఆదిశేషమ్మ, జలదంకి నుంచి వచ్చిందట. మా మాటలన్నీ వింది. "ముందు నన్నే అడిగినారమ్మా" అంది. "నేను ఒద్దన్నాను. నా కొడుకు ఆ రోడ్డు మీదనే ఆటో తోల్తాడు. నన్నట్ట చూస్తే వాడు తలెట్ట ఎత్తుకుంటాడు?" ఆ కొడుకు ఆమెను అక్కడ దింపి వెళ్లినవాడు. మళ్లీ ఒక్కసారి కూడా రాలేదట. అయినా వాడి తల వంగకూడదని ఆమె తన ముఖం ఇవ్వలేదు. నువ్వు నా కొడుకు తల వంచావు. వాడేం చేశాడని?

ఫ్లెక్స్ దించేదాకా బస్టాండు ఎదురుగా నిలబడ్డాను. మందుల షాపు పిల్ల స్టూలు తెచ్చి వేసింది, కూర్చోలేదు. మనిషిని పిలిపించి దించారు. దాన్ని మడిచి నా చేతికివ్వమన్నాను. అది చంకలో పెట్టుకుని అటునుంచి అటే వరికుంటపాడు వెళ్లాను. రామనారాయణ నన్ను చూసి మంచం వాల్చాడు.

రేణుక పక్కన కూర్చుంది. నీ మీద కోపం లేదంది. నాకు అదే ఎక్కువ బాధగా అనిపించింది. "అత్తా, ఊళ్లోవాళ్ల మాటలకు నేను రాలేదు. ఆ ఫోటోలో మీ ముఖం చూసినాక నాకే అనుమానం వచ్చినాది. ఇంత దిగులు పెట్టుకుని నా ముందర నవ్వుతా ఉండారా అని. నేనెక్కడ తప్పు చేసినానో తెలీక వచ్చేసినాను" అంది.

ఇన్నాళ్లూ నిన్ను తిడుతూ కూడా ఒక మాట నేను బయటికి అనలేదు. ఇప్పుడు అంటాను. ఆ రోజు గోడ దగ్గర కూర్చోబెట్టి చాలాసేపు తీశావు. ఏదీ నీకు నచ్చలేదు. చివరికి దగ్గరికి వచ్చి మెల్లగా, "అత్తా, ఒక్కసారి మామను తలుచుకో" అన్నావు. తలుచుకున్నాను. చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయన చెంబు పట్టుకోలేక, పట్టుకోలేకపోతున్నందుకు సిగ్గుపడి నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ క్షణంలోనే నీ కెమెరా చప్పుడైంది.

ఆ దిగులు మీ మాలకొండయ్య మామది. నువ్వు అడిగావు కాబట్టి ఇచ్చాను, ఇంకెవరడిగినా ఇచ్చేదాన్ని కాదు. దాన్ని తీసుకెళ్లి నా కొడుకు మీదా కోడలి మీదా పెట్టావు. పేరు రాయలేదంటావు. ఆ దిగులు ఎవరి కోసమో నీకు తెలుసు కదరా. తెలిసీ ఆ మాట రాశావు.

డేవిడ్‌రాజు ఇంటికి వెళ్లు. కారు వద్దు, తోడు వద్దు.

అత్త


ఆత్మకూరు,
24 జూలై 2024

అత్తా,

జవాబు రాద్దామని కూర్చుని చాలా కాగితాలు చించాను. నీ ఉత్తరంలో నేను కాదనగలిగేది ఒక్కటీ లేదు.

మామను తలుచుకోమన్నది నిజం. ఆ క్షణంలో నాకు ఫోటో దొరికిందన్న సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు. తర్వాత ఆ మాట రాసేటప్పుడు నిన్ను కాదు, ఆ ఫోటోనే చూస్తున్నాను.

డేవిడ్‌రాజు ఇంటికి వెళ్లాను. రూబీ తలుపు తీసి కూర్చోమంది. వాడు లోపలి గదిలోనే ఉన్నాడు, దగ్గు వినిపించింది. బయటికి రాలేదు. "తప్పు నాదిరా" అని తలుపుకేసి చెప్పాను. రూబీ కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

బహుమతి వెనక్కి తీసుకోమని విజయవాడకు రాశాను. గ్రూపులో, "ఈమె మా మేనత్త వరదమ్మ, తెలుగు టీచరుగా రిటైరయ్యారు, కొడుకూ కోడలితో ఉంటున్నారు, నేను రాసింది అబద్ధం" అని పెట్టాను. దాని కింద ఒకడు, "సార్, పాత మాటే బాగుంది" అని రాశాడు. నా కెమెరా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ కోపంలో ఆ ఫోటోను గ్రూపులో తీసేశాను. కంప్యూటర్లో తీసేశాను, కార్డులో తీసేశాను, డేవిడ్‌రాజు చేత కూడా తీసేయించమని రూబీకి చెప్పాను. తీసేసినట్టు ఆమె మెసేజ్ పెట్టింది. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు. ఆ ఫోటో ఇప్పుడు ఎక్కడా లేదు.

నీ ప్రసాద్


ఉదయగిరి,
2 ఆగస్టు 2024

ప్రసాదూ,

రేణుక సోమవారం ఇంటికొచ్చింది. రామనారాయణే దింపి వెళ్లాడు. ఈసారి లోపలికి వచ్చి మజ్జిగ తాగాడు. అంగన్‌వాడీ దగ్గర ఇంకా కొందరు ఓరచూపులు చూస్తున్నారట. చూడనీ.

నిన్న నీ ఉత్తరం బయటికి చదివాను. రేణుక చేటలో బియ్యం చెరుగుతోంది. చివరి పేరా దగ్గరికి వచ్చేసరికి చేట కింద పెట్టేసింది. "ఎవుర్ని అడిగి తీసేసినాడు?" అంది. ఇంత కోపం దాని ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. "పెట్టేటప్పుడూ అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు. ఆ ఫోటో ఆయన సొంతమా? అది మా అత్త ముఖం. మా మామ కోసం పడిన దిగులు. మాకుంచాలా వద్దా అని ఒక్క మాట అడిగినాడా?" అంది. నిజమే కదా. తీసేయమని నేను ఏ ఉత్తరంలో రాశాను? రాసిన మాట తప్పన్నాను గానీ ముఖం తప్పన్నానా?

రేణుక వచ్చిందని సెలవు పెట్టుకుని వచ్చిన కోటేశ్వర్ ఆ ఫ్లెక్స్ మేకలపాక మీద కప్పుదామని బయట పెట్టి ఉన్నాడు, వానలొస్తున్నాయని. రేణుక వెళ్లి దాన్ని లోపలికి లాక్కొచ్చింది. నేల మీద పరిచి, తను బట్టలు కుట్టే కత్తెర తీసుకుని, ఎర్ర అక్షరాలన్నీ వరసగా కత్తిరించింది. ఆశ్రమం పేరు, నంబరు అన్నీ పోయాయి. నా ముఖం ఒక్కటే మిగిలింది. కోటేశ్వర్ గుమ్మంలో నిలబడి, "దీన్నేం చేస్తావే, గోడంత ఉండాది" అన్నాడు. "నీకెందుకు? ఇది నాది" అంది.

తర్వాత నా పక్కన కూర్చుని అడిగింది. "మామ పోయినప్పుడు కూడా మీరు మా ముందర ఏడవలేదు. అందరికీ మీరే ధైర్యం చెప్పినారు. ఆ పూట గోడకాడ ఏం తలుచుకున్నారత్తా?"

చెంబు సంగతి చెప్పాను. అది చెప్పాక ఇంకోటి చెప్పాల్సి వచ్చింది, ఆయన ఆసుపత్రిలో మేకల పేర్లన్నీ వరసగా అడిగిన సంగతి. కోటేశ్వర్ కూడా వచ్చి నేల మీద కూర్చున్నాడు. వాడికి ఇవేవీ తెలియవు. ఆ రోజుల్లో వాణ్ణి ఉద్యోగానికి పంపించేసి నేనొక్కదాన్నే ఆసుపత్రిలో ఉన్నాను. "నన్ను పిలవలేదేందమ్మా?" అన్నాడు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయింది, ఎవరమూ లేవలేదు.

నీ మీద నా కోపం పోలేదు, అది ఎప్పుడు పోతుందో కూడా తెలియదు. రేణుకకు నువ్వు జవాబు చెప్పాలి. అది నేను చెప్పే జవాబు కాదు. నువ్వు అడగకుండా వదిలేసిన మాట, ఆ ముఖం ఉంచాలా వద్దా అని, ఇప్పుడైనా వచ్చి ఆమెను అడుగు, అడగాల్సింది ఆమెనే.

అత్త